అమెరికా వెళ్తున్నారా? ఫోన్ సిమ్ ఎలా ఎంచుకోవాలి?

చదువుకోసమో ఉద్యోగం మీదో అమెరికా వెళ్లేవాళ్లు ఏ ప్లాన్ చవక అని ముందుగా అడుగుతారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది ఇండియా నంబరు.

1. పాత నంబరు పోనివ్వకండి

బ్యాంకు, ఆధార్, ఆదాయపు పన్ను అన్నీ ఆ నంబరుకే ముడిపడి ఉంటాయి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ కూడా లేకుండా ఉంటే కంపెనీ దాన్ని రద్దు చేయొచ్చు. నాది అలాగే పోయింది. ఓటీపీ రాక, ఖాతాలో ఉన్న సొంత డబ్బు కోసం ఊరెళ్లేదాకా ఆగాను. కాబట్టి బయలుదేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి. ఇంట్లో ఒకరికి రీచార్జ్ తేదీ అప్పజెప్పండి. విమానం దిగాక ఆ సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి, లేదంటే బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. వాట్సాప్ పాత నంబరు మీదే నడుస్తుంది, మార్చక్కర్లేదు.

2. మీ ఫోన్ అక్కడ పనిచేస్తుందా?

*#06# నొక్కితే ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) వస్తుంది. దాన్ని అమెరికా కంపెనీ వెబ్‌సైట్‌లో ఇచ్చి చూడండి. 2022లో అక్కడి పెద్ద కంపెనీలు 3జీ మూసేశాయి, కాల్స్ వోల్టీ (4జీ నెట్‌వర్క్ మీదే మాట్లాడే పద్ధతి) మీదే వెళ్తాయి. ఇండియాలో కొన్న కొన్ని ఫోన్లలో డేటా బాగానే వస్తుంది, కాల్ మాత్రం కలవదు.

ఇంకో చిక్కు: అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే చోటే లేదు, అంతా ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్). అక్కడికెళ్లి ఐఫోన్ కొనే ఆలోచన ఉంటే, ఇండియా సిమ్‌ను ఇక్కడుండగానే ఈ-సిమ్‌గా మార్పించుకోండి.

3. ఊరు కాదు, మీ గది చూడండి

దేశమంతా ప్రధానంగా మూడే నెట్‌వర్క్‌లు: వెరిజాన్, ఏటీ అండ్ టీ, టీ-మొబైల్. చవక బ్రాండ్లు కూడా వీటి టవర్ల మీదే నడుస్తాయి. మింట్ టీ-మొబైల్ మీద, విజిబుల్ వెరిజాన్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద. జనం ఎక్కువున్న చోట చవక ప్లాన్ల వాళ్లకు స్పీడ్ ముందుగా తగ్గొచ్చు. అయినా కొత్తగా వెళ్లినవాళ్లకు అవి చాలనే అంటాను.

కవరేజ్ మ్యాప్‌లో ఊరంతా రంగు పులిమి ఉంటుంది, బేస్‌మెంట్ గదిలో ఒక్క గీత కూడా రాదు. అదే అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న సీనియర్‌ను అడగండి. ఈ-సిమ్ మీద కొన్నిరోజులు ఉచితంగా వాడి చూడనిచ్చే కంపెనీలూ ఉన్నాయి.

4. ముందు ప్రీపెయిడ్

పోస్ట్‌పెయిడ్‌కు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వం మనిషికి ఇచ్చే గుర్తింపు నంబరు), క్రెడిట్ హిస్టరీ (అప్పులు, బిల్లులు సరిగ్గా కట్టిన రికార్డు) అడుగుతారు. దిగిన వారంలో మీ దగ్గర రెండూ ఉండవు. ప్రీపెయిడ్‌కు ఆ గొడవ లేదు. మొదట ఒక్క నెలకే కట్టండి. ఏడాదికి ఒకేసారి కడితే తక్కువ పడుతుంది కానీ, నచ్చకపోతే ఇరుక్కుంటారు. ప్రకటనలో రేటు మీద పన్నులు కలుస్తాయా అన్నదీ అడగండి.

నలుగురు రూమ్మేట్లు కలిసి ఫ్యామిలీ ప్లాన్ తీసుకుంటే మనిషికి పడేది బాగా తగ్గుతుంది. అయితే బిల్లు ఒక్కరి పేరు మీదే ఉంటుంది. ఆ ఒక్కరూ మీరు కాకుండా చూసుకోండి!

5. కంపెనీ మారేటప్పుడు

నంబరు అలాగే ఉంచుకుని మారొచ్చు. పాత కంపెనీ నుంచి అకౌంట్ నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ (నంబరు మార్చుకోవడానికి ఇచ్చే కోడ్) తీసుకుని కొత్తవాళ్లకు ఇవ్వండి. మార్పు పూర్తయ్యేదాకా పాత లైన్ రద్దు చేయకండి, చేస్తే నంబరు చేజారిపోవచ్చు.