క్షౌరశాలలో రక్తపోటు పరీక్ష: మొదలుపెట్టే తీరు

అమెరికాలో నల్లజాతివారికి అధిక రక్తపోటు ఇతరులకంటే ఎక్కువగా, చిన్న వయసులోనే వస్తుంది. ఆ తేడాను తగ్గించాలనుకునే వైద్యులు, ఫార్మసిస్టులు (వారిలో మన తెలుగువారూ ఉన్నారు) ఆస్పత్రి గడప దాటి, నల్లజాతి పురుషులు ఏళ్ల తరబడి నమ్మకంగా వెళ్లే క్షౌరశాల తలుపు తట్టాలి.

మొదటి రోజే యంత్రం పట్టుకుని వెళ్లకండి. రద్దీ లేని వేళలేవో, పరీక్షకు ఏ మూల అనువో, తన సమయానికి ఎంత చెల్లించాలో యజమానినే అడిగి నిర్ణయించండి. ఆయన శ్రమను ఉచితమనుకోవడం మర్యాద కాదు.

కొలిచేముందు మెడచుట్టూ కప్పిన గుడ్డ తీసి, మనిషిని వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోబెట్టాలి. కబుర్లు ఆగని చోట ఇదే అన్నిటికన్నా కష్టం! యంత్రం పట్టీని (కఫ్) చొక్కా మీద కాక, గుండె ఎత్తులో ఉంచిన చేతికి నేరుగా చుట్టాలి. పట్టీ ఇరుకైతే అంకె ఎక్కువ చూపుతుంది కనుక పెద్దదీ దగ్గరుంచుకోండి. నిమిషం ఆగి మళ్లీ కొలవండి.

అంకె ఎక్కువుంటే డాక్టరును కలవమని చీటీ రాసి పంపితే చాలదు. లాస్ ఏంజెలెస్ కౌంటీలో 52 క్షౌరశాలల్లో 319 మందితో జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, వైద్యులతో ముందే కుదిరిన ఒప్పందం ప్రకారం ఫార్మసిస్టులు అక్కడే మందులు రాసిన వర్గంలో ఆరు నెలలకు రక్తపోటులోని పై అంకె సగటున 27 పాయింట్లు తగ్గింది. డాక్టరును కలవమని క్షురకులు ప్రోత్సహించిన వర్గంలో సుమారు 9 పాయింట్లే తగ్గింది. అందుకే మందు రాసేదెవరో తేలకుండా పరీక్షల తేదీ ప్రకటించకండి. అంకె 180/120 దాటి ఛాతీనొప్పి గానీ ఆయాసం గానీ ఉంటే వెంటనే అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయండి.