పరిశోధన కేంద్రం లెక్కలు, మూడో పాఠం: ఖాతా ఎవరి పేరు మీద?

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో పదార్థం నిర్మాణం చూసేది), ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) యంత్రాలకు గంటకో శాంపిల్‌కో రేటు కట్టడం గత పాఠంలో అయిపోయింది. ఇప్పుడు ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయాలో తేల్చాలి.

కాకతీయ యూనివర్సిటీలో మీరు ఒక ఉమ్మడి పరికరాల కేంద్రం లెక్కలు చూస్తున్నారనుకోండి. ఫార్మసీ స్కాలర్ శాంపిల్ తెస్తారు, మీరు రిజిస్టర్‌లో ఆ పేరు రాస్తారు. శాంపిల్ తిరిగి ఇవ్వడానికి ఆ పేరు చాలు, బిల్లుకు చాలదు. థీసిస్ ఇచ్చాక స్కాలర్ వెళ్లిపోతారు, బాకీ మీ దగ్గర ఉంటుంది. పోనీ గైడ్ పేరు రాద్దామా? ఆయన కూడా జేబులోంచి కట్టరు కదా, కట్టేది ప్రాజెక్టు. అందుకే ఖాతా ప్రాజెక్టు పేరు మీదే తెరవాలి. ఒకే గైడ్‌కు రెండు ప్రాజెక్టులుంటే రెండు ఖాతాలు. ఒకదాని డబ్బుతో రెండోదాని శాంపిల్ చేయిస్తే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు దేనికి ఖర్చయిందో నిధులిచ్చిన సంస్థకు చూపే కాగితం) దగ్గర టెన్షన్ మొదలవుతుంది.

ఖాతా తెరిచే ముందు శాంక్షన్ ఆర్డర్ (ప్రాజెక్టుకు నిధులు మంజూరు చేసిన ఉత్తర్వు) కాపీ అడగండి. "తర్వాత పంపిస్తాం సార్" అంటే యంత్రం మీద స్లాట్ కూడా తర్వాతే. మొహమాటానికి ఇక్కడ చోటు లేదు. ఆర్డర్‌లో ముందు చూడాల్సింది హెడ్, అంటే డబ్బు ఏ పద్దు కింద ఇచ్చారన్నది. పరికరాలు కొనడానికి ఇచ్చిన డబ్బు ఎంత మిగిలినా దాంతో టెస్టింగ్ ఫీజు కట్టకూడదు. కంటిన్జెన్సీలోనో (చిల్లర ఖర్చుల పద్దు) కన్స్యూమబుల్స్‌లోనో (వాడితే అయిపోయే సామాను పద్దు) దానికి వీలుందా అన్నది అకౌంట్స్ సెక్షన్‌తో రాయించుకోండి.

తర్వాత ముగింపు తేదీ. చాలామంది వదిలేసేది ఇదే. ప్రాజెక్టు గడువు దాటాక చేసిన పనికి బిల్లు పంపితే ఆ హెడ్ నుంచి డబ్బు రాదు. కాబట్టి గడువుకు నెల ముందే ఖాతా ఆగిపోయేలా పెట్టండి. గడువు పొడిగించిన ఉత్తర్వు చూపిస్తే మళ్లీ తెరవొచ్చు. గడువు ఇంకా ఉన్న ప్రాజెక్టులకైనా మార్చి 31 లోపు ఆ ఏడాది బిల్లులు వెళ్లిపోవాలి. మార్చి ఆఖరి వారంలో అకౌంట్స్ సెక్షన్‌లో మీ ఫైలు ఎవరూ ముట్టుకోరు, ఫిబ్రవరిలోనే కదలండి.

యూనివర్సిటీ లోపలి వాళ్లకు ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు సర్దుబాటు చేస్తే సరిపోతుంది, జీఎస్టీ ఉండదు. బయటి సంస్థలకు టెస్టింగ్ ఫీజు మీద 18 శాతం ఉంటుంది. కరీంనగర్ గ్రానైట్ యూనిట్ రాయి ముక్క పంపితే కేంద్రానికి 9, రాష్ట్రానికి 9. వాళ్ల జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది, అది తెలంగాణ కోడ్. అదే మహారాష్ట్రలోని చంద్రాపూర్ నుంచి 27తో మొదలయ్యే నంబరు వస్తే మొత్తం 18 ఐజీఎస్టీ (వేరే రాష్ట్రంతో లావాదేవీకి పడే జీఎస్టీ) కిందే వేయాలి. ఈ నంబరు ఖాతా తెరిచే రోజే తీసుకోండి. బిల్లు పంపాక సరిచేయాలంటే క్రెడిట్ నోట్ (పంపిన బిల్లును తగ్గిస్తూ ఇచ్చే కాగితం) దాకా పోతుంది. బయటివాళ్ల దగ్గర డబ్బు ముందే కట్టించుకోవడం మంచిది.

అభ్యాసం: ఒక గైడ్‌కు జూన్ 30న ముగిసే ప్రాజెక్టు ఒకటి, ఇంకా రెండేళ్లు ఉన్నది ఒకటి ఉన్నాయి. ఆయన స్కాలర్ జూన్ 20న పన్నెండు శాంపిళ్లు తెచ్చారు, ఏ ప్రాజెక్టువో చెప్పలేదు. ఏ కాగితాలు అడుగుతారు, ఏ ఖాతాలో రాస్తారు? జవాబు రాసుకుని ఉంచండి. నాలుగో పాఠంలో నెలవారీ బిల్లు దానితోనే మొదలుపెడదాం.