కంప్యూటర్ వాడకం, 4వ పాఠం: స్క్రీన్‌షాట్‌కు ఏ మీట, ఏ పనిముట్టు

గత పాఠంలో ఫైళ్లకు పేర్లు పెట్టడం, వాటిని ఫోల్డర్లలో సర్దుకోవడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో తెర మీద కనిపిస్తున్నదాన్ని బొమ్మగా పట్టుకోవడం, అంటే స్క్రీన్‌షాట్ తీయడం నేర్చుకుందాము. దీనిని కొందరు తెరపట్టు అని చక్కగా తెలుగు చేశారు గాని, మెనూలలో మీకు ఎదురయ్యే మాట స్క్రీన్‌షాటే కనుక ఇక్కడ అదే వాడుతున్నాను. ఉదాహరణలు చాలావరకు విండోస్ 11 నుంచి తీసుకున్నవి.

మీటలను బట్టీ పట్టడానికి ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ బొమ్మ ఎక్కడికి వెళ్తుంది? వర్డ్ ఫైలులోకో ఈమెయిలులోకో వెంటనే అతికించడానికైతే అది క్లిప్‌బోర్డులో, అంటే కాపీ చేసినది అతికించేదాకా నిలిచే తాత్కాలిక చోటులో, ఉంటే చాలు. పది రోజుల తరువాత మళ్లీ చూడవలసిన రసీదైతే అది ఫైలుగా డిస్కు మీద ఉండాలి. ఈ తేడా తెలియకనే చాలామంది మీట నొక్కి, బొమ్మ ఎక్కడికి పోయిందో తెలియక ఫోల్డర్లన్నీ వెతుకుతారు.

ప్రింట్ స్క్రీన్ మీటకు ఆ పేరు ఊరికే రాలేదు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో షిఫ్ట్‌తో కలిపి దానిని నొక్కితే తెర మీది అక్షరాలు నిజంగానే ప్రింటరులో కాగితం మీద అచ్చయ్యేవి. విండోస్ వచ్చాక అదే మీట తెర బొమ్మను క్లిప్‌బోర్డులో పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పటి విండోస్ 11లో అది నేరుగా స్నిప్పింగ్ టూల్ అనే, విండోస్‌తోనే వచ్చే స్క్రీన్‌షాట్ ప్రోగ్రామును తెరుస్తుంది. పాత అలవాటే కావాలనుకుంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉన్న కీబోర్డ్ పేజీకి వెళ్లి ఆ ఎంపికను ఆపివేయవచ్చు.

ఆల్ట్‌తో కలిపి ప్రింట్ స్క్రీన్ నొక్కితే మీరు పని చేస్తున్న ఒక్క కిటికీ (విండో) మాత్రమే క్లిప్‌బోర్డులో చేరుతుంది. విండోస్ మీటతో కలిపి నొక్కితే తెర క్షణం పాటు మసకబారి, పూర్తి తెర పిక్చర్స్ ఫోల్డరులోని స్క్రీన్‌షాట్స్ అనే ఉపఫోల్డరులో పీఎన్‌జీ అనే రకం బొమ్మ ఫైలుగా భద్రమవుతుంది. రెండు మానిటర్లు ఉన్నవారు ఇక్కడ కాస్త జాగ్రత్తపడాలి. ఒక్కొక్కటి 1920 × 1080 పిక్సెళ్లు (తెర మీది చుక్కలు) అయితే, పక్కపక్కనే ఉన్న ఆ రెండూ కలిసి 3840 × 1080 బొమ్మగా వస్తాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రింట్ స్క్రీన్ మరొక మీటతో చోటు పంచుకుంటుంది కనుక ఎఫ్ఎన్ మీటను కూడా కలిపి నొక్కవలసి రావచ్చు.

నన్నడిగితే, రోజువారీ పనికి గుర్తుంచుకోవలసినది ఒక్కటే: విండోస్, షిఫ్ట్, ఎస్ మీటల కలయిక. తెర మసకబారుతుంది, పైన చిన్న పట్టీ వస్తుంది, మౌస్‌తో కావలసిన మేరకే చతురస్రం గీసి వదిలితే ఆ ముక్క క్లిప్‌బోర్డులో చేరుతుంది. పూర్తి తెర పంపడం నాకు ఒకసారి ఎలా బెడిసికొట్టిందో చెబుతాను. ఒక దరఖాస్తు ఫారంలో వచ్చిన ఎర్ర అక్షరాల సందేశాన్ని ఒక గుంపులో చూపించబోయి మొత్తం తెర పంపాను. సందేశం గురించి ఎవరూ మాట్లాడలేదు. పైన తెరిచి ఉన్న ట్యాబుల పేర్లన్నీ చదివి, నేను ఏ బ్యాంకులో అప్పు వివరాలు చూస్తున్నానో అడిగారు. అప్పటి నుంచి కావలసిన ముక్కకు మించి పట్టుకోవడం మానేశాను.

ఒక చిక్కు మాత్రం ప్రతివారికీ ఎదురవుతుంది. మౌస్ నొక్కితే తెరుచుకునే మెనూను బొమ్మ తీయాలి. కాని ఆల్ట్ నొక్కగానే చాలా ప్రోగ్రాములలో ఆ మెనూ మూసుకుపోతుంది. దీనికి మందు ఆలస్యం పెట్టడమే. స్నిప్పింగ్ టూల్ తెరిచి, గడియారం గుర్తు దగ్గర 5 సెకన్లు ఎంచుకుని, కొత్త బొమ్మకు ఆజ్ఞ ఇచ్చి, ఆ అయిదు సెకన్లలో తాపీగా మెనూ తెరిచి చేయి కదపకుండా ఉండాలి. గడువు ముగిసేసరికి తెర స్తంభించిపోతుంది, మెనూ అందులో తెరిచే ఉంటుంది. 3, 10 సెకన్ల గడువులు కూడా ఉన్నాయి గాని, మూడు చాలదు, పదికి విసుగు పుడుతుంది.

తెరలో పట్టని పొడవైన వెబ్ పేజీకి వేరే పనిముట్టు కొనవలసిన అవసరం లేదు. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్ నొక్కి పూర్తి పేజీని ఎంచుకుంటే కింది దాకా ఒకే బొమ్మగా వస్తుంది. ఎడ్జ్‌లోనూ అదే మీటల కలయిక పని చేస్తుంది. బ్రౌజరు కాని ప్రోగ్రాములలో తెరను కిందికి జరుపుతూ (స్క్రోల్ చేస్తూ) పట్టుకోవాలన్నా, బాణం గుర్తులూ అంకెలూ వేస్తూ రోజుకు ఇరవై ముప్పై బొమ్మలు తయారు చేయాలన్నా షేర్‌ఎక్స్ అనే ఉచిత ప్రోగ్రాము మంచిది. దానిని పెట్టుకున్న వెంటనే, బొమ్మ తీశాక జరిగే పనుల జాబితా తెరిచి, ఇంటర్నెట్‌లోకి ఎక్కించే ఎంపికకు టిక్కు లేకుండా చూసుకోండి. మ్యాక్ వాడేవారికి కమాండ్, షిఫ్ట్, 4 సరిపోతుంది. ఆ తరువాత స్పేస్ నొక్కితే ఒక్క కిటికీ వస్తుంది, మొదటి కలయికకు కంట్రోల్ కూడా చేర్చితే బొమ్మ ఫైలుగా కాక క్లిప్‌బోర్డుకు వెళ్తుంది.

ఇక ఫైలు రకం. అక్షరాలున్న తెరను పీఎన్‌జీగానే ఉంచండి. జేపెగ్ పద్ధతి ఫొటోల కోసం పుట్టినది. పరిమాణం తగ్గించడానికి అది పదునైన అంచుల చుట్టూ మురికి చుక్కల వంటి మచ్చలు వదులుతుంది. తెలుగు అక్షరాలలో ఆ నష్టం ముందుగా ఒత్తులకు తగులుతుంది. చిన్న అక్షరాలలో ఉన్న బొమ్మను జేపెగ్‌గా రెండుసార్లు భద్రపరచి పెద్దది చేసి చూస్తే, ప-కూ ష-కూ తేడా చూపే చిన్న గీత పక్కనున్న మచ్చలో కలిసిపోయి కనిపించవచ్చు. వాట్సాప్‌లో ఫొటోగా పంపినా బొమ్మ కుదించబడుతుంది. డాక్యుమెంటుగా జతచేస్తే ఉన్నది ఉన్నట్టుగా చేరుతుంది.

ఆధార్ సంఖ్యను, ఫోను నంబరును దాచేటప్పుడు హైలైటర్ వాడకండి. దాని రంగు పారదర్శకం కనుక, ఎన్ని పూతలు వేసినా వెలుగు పెంచి చూస్తే కింది అంకెలు బయటపడవచ్చు. నిండు నల్ల చతురస్రం వేసి, దానిని కొత్త ఫైలుగా భద్రపరచి, ఆ కొత్త ఫైలునే పంపండి. కొత్త ఫైలు అని నొక్కి చెప్పడానికి కారణముంది. విండోస్ 11 స్నిప్పింగ్ టూల్‌లో కత్తిరించిన బొమ్మను పాత ఫైలు మీదనే భద్రపరిస్తే, కత్తిరించిన భాగపు సమాచారం కొంత ఫైలు చివరన మిగిలిపోతున్నట్టు 2023 మార్చిలో బయటపడింది. ఆ నెలలోనే మైక్రోసాఫ్ట్ దానిని సరిదిద్దింది గాని, అంతకు ముందు అలా కత్తిరించి పంపిన బొమ్మలు వెళ్లినచోటనే ఉన్నాయి.

అభ్యాసం: మీ కంప్యూటర్లో ఏదైనా ప్రోగ్రాములో ఫైల్ మెనూ తెరిచి ఉండగా 5 సెకన్ల ఆలస్యంతో బొమ్మ తీయండి. మెనూ మాత్రమే మిగిలేలా కత్తిరించి, ఒక పేరు మీద నల్ల చతురస్రం వేసి, గత పాఠంలో చెప్పిన పద్ధతిలో తేదీతో పేరు పెట్టి కొత్త పీఎన్‌జీగా భద్రపరచండి. ఆ ఫైలును తెరిచి నాలుగింతలు పెద్దది చేసి అక్షరాల అంచులు చూడండి. వచ్చే పాఠంలో ఈ బొమ్మ మీదనే బాణాలు, అంకెలు వేయడం చూద్దాము, కనుక దానిని చెరిపివేయకండి.