బండికి సైడ్ బాక్సులు – 3వ పాఠం: ఇనుప స్టాండు

పోయిన పాఠంలో అట్ట కోసి, బాక్సు ఎక్కడ కూర్చోవాలో బండి మీదే సుద్దగీతలు పెట్టుకున్నాం. ఈసారి ఇనుము పని, బాక్సులను మోసే స్టాండు. ఉదాహరణకు పాత క్లాసిక్ 350 తీసుకుంటున్నా. వెనక రెండు షాకులు (షాక్ అబ్జార్బర్లు) ఉన్న ఏ బండికైనా దాదాపు ఇదే పద్ధతి.

నల్లగొండలో అడగండి, మహబూబ్‌నగర్‌లో అడగండి, వెల్డింగ్ షాపులో మొదట వినబడే మాట ఇదే: "ఛాసిస్‌కే అతికిద్దాం సార్, జన్మల ఊడది." ఒప్పుకోవద్దు. అతుకు పక్కన వేడికి ఛాసిస్ పైపు గుణం మారుతుంది, అదురుకు పగులు అక్కణ్నుంచే మొదలవుతుంది. స్టాండు విరిగితే ఇంకోటి చేసుకోవచ్చు, ఛాసిస్‌కు ఆ వీలు లేదు. మన స్టాండు మొత్తం బోల్టుల మీదే నిలవాలి. పానా పెట్టి విప్పేస్తే బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాలి.

ఒక్కో పక్క మూడు పట్లు కావాలి: షాక్ పై బోల్టు, వెనక కూర్చునేవాళ్ల ఫుట్‌రెస్టు బోల్టు, తోకవైపు మడ్‌గార్డును ఛాసిస్‌కు పట్టిన బోల్టు. షాక్ దగ్గర పట్టీ దూర్చి నట్టు బిగించాక బోల్టు మర కనీసం రెండు చుట్లు బయటికి కనబడాలి. కనబడకపోతే ఆ పట్టు వదిలేసి గ్రాబ్ రైల్ (వెనక కూర్చున్నవాళ్లు పట్టుకునే కమ్మీ) బోల్టుకు మారండి. స్వింగ్ ఆర్మ్‌కు, అంటే వెనక చక్రాన్ని పట్టుకునే చేతికి, మాత్రం స్టాండు కాలు ఏదీ కలపొద్దు. గుంత వచ్చినప్పుడల్లా అది లేచి దిగుతుంది, ఛాసిస్ అలా కదలదు. రెంటికీ ముడేస్తే దేవరకొండ రోడ్డు మీది స్పీడ్‌బ్రేకర్లే స్టాండును విరిచేస్తాయి.

చువ్వా, పైపా? చువ్వ మందాన్ని మి.మీ.లలో తీసుకుని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది, సెంట్రింగ్ మేస్త్రీలకు నోటికొచ్చిన లెక్క. అలా 12 మి.మీ. చువ్వ మీటరుకు దాదాపు 890 గ్రాములు. 19 మి.మీ. పైపు, 1.6 మి.మీ. గోడతో, 700 గ్రాముల లోపే ఉంటుంది, పైగా వంగకుండా నిలవడంలో చువ్వకు మూడు రెట్లు మించుతుంది. అందుకే పైపే కొనండి. మెషిన్ లేకుండా వంచాలంటే ఇసుక కూరి వేడిచేస్తారు. ఆ ఇసుక ఎండబెట్టిందే కావాలి. తడి ఇసుకతో రెండు మూతులూ బిగించి మంట పెడితే లోపల ఆవిరి పుట్టి బిరడా తూటాలా ఎగురుతుంది.

వంపులు కుదిరాక టాకాలు (ముక్కలు కదలకుండా వేసే చుక్క అతుకులు) బండి మీదే వేయాలి, లేకుంటే బోల్టు రంధ్రాలు కలవవు. ముందు పెట్రోలు ట్యాంకు దించి దూరంగా పెట్టండి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీయండి. ఎర్త్ క్లిప్పు స్టాండు పైపుకే, అతుకు పక్కనే పట్టించండి. ఎక్కడో చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి గుండ్లను కాలుస్తుంది. టాకాలు పడ్డాక స్టాండు విప్పి కింద పెట్టి 2.5 మి.మీ. రాడ్‌తో, 60–80 ఆంపియర్ల మధ్య, ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం అతకండి. ఒకేచోట గీస్తూ పోతే పైపు అటే గుంజుకుపోతుంది.

చాలామంది ఎగ్గొట్టే పని ఒకటుంది: కుడి స్టాండునూ ఎడమ స్టాండునూ నంబర్ ప్లేటు వెనక నుంచి 25×5 మి.మీ. పట్టీతో కలపడం. అది లేకపోతే ఏ బాక్సు ఊపు దానిదే, ఆ ఊపంతా షాక్ బోల్టు దగ్గరి అతుకు మీదే పడుతుంది. పట్టీని కూడా బోల్టులతోనే బిగించండి.

ఇద్దరు ఎక్కి కూర్చుని చూడండి. సైలెన్సర్‌కూ బాక్సుకూ మధ్య మూడు వేళ్లు దూరాలి, ఇండికేటర్లు వెనక నుంచి కనబడాలి. వెనక చక్రం ఇరుసు లాగి చూడండి, స్టాండుకు తగలకుండా పూర్తిగా బయటికి రావాలి. డిండి దాటాక పంక్చరైతే స్టాండు విప్పుకుంటూ కూర్చోలేరు.

రంగు ఇప్పుడే వద్దు, వచ్చే పాఠంలో తాళం పట్టీల అతుకులు ఇంకా ఉన్నాయి. ఈలోగా రెండు పక్కలా అయిదేసి కిలోల ఇసుక సంచులు కట్టి అచ్చంపేట మీదుగా మన్ననూరు ఘాట్ దాకా పోయి రండి. రాత్రి తొమ్మిదికి అక్కడ అటవీ చెక్‌పోస్టు మూస్తారు, పొద్దున్నే బయల్దేరండి. ఇంటికొచ్చి ప్రతి బోల్టుకూ పానా వేసి చూడండి. ఏది వదులైందో దానికి స్ప్రింగ్ వాషర్ తీసేసి నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవని నట్టు) వేయండి.