నాలుగో పాఠం: “రక్తం వద్దు” అంటే ఏవేవి వద్దన్నట్టు?

పోయిన పాఠంలో రంజాన్ ఉపవాసంలో ఉన్న షుగర్ పేషెంట్ మధ్యాహ్నం మాత్ర వద్దంటే, డోసుని తెల్లవారుజామున తినే సహర్, సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళలకు మార్చడం కుదురుతుందేమో డాక్టర్‌ని అడగడం దాకా వచ్చాం. అక్కడ వేళ మారితే సగం గొడవ తీరిపోతుంది. ఈసారి అంత తేలిగ్గా తేలదు.

గైనిక్ వార్డు అనుకోండి. నలభై ఐదేళ్లావిడ, గర్భసంచిలో గడ్డలు, నెలల తరబడి బ్లీడింగ్, హిమోగ్లోబిన్ 6.4, అంటే బాగా తక్కువ. రెండు యూనిట్ల రక్తం ఎక్కించమని డాక్టర్ రాశారు. క్రాస్ మ్యాచ్ (ఎక్కించే రక్తం సరిపడుతుందో లేదో చూసే టెస్టు) శాంపిల్‌కి మీరు వెళ్లేసరికి ఆవిడ చేయి వెనక్కి లాక్కుని, “వద్దు సిస్టర్, మేం యెహోవా సాక్షులం” అంటూ పర్సులోంచి రక్తం వద్దని రాసి సంతకాలున్న కార్డొకటి తీసి చూపించారు. రక్తం ఎక్కించుకోకూడదని నమ్మే క్రైస్తవ శాఖ వాళ్లది. కార్డు జిరాక్స్ తీయించి కేస్ షీట్‌లో పెట్టండి, వెంటనే డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి. “ప్రాణం కన్నా ఎక్కువా అమ్మా?” అని మాత్రం అనకండి. రక్తానికి దూరంగా ఉండమనే బైబిల్ వాక్యం, అపొస్తలుల కార్యములు 15:29, వాళ్లకి మనకన్నా బాగా తెలుసు, మనం వెళ్లింది వాదనకి కాదు.

అసలు నేర్చుకోవాల్సింది ఇక్కడే. సాధారణంగా వీళ్లు మొత్తం రక్తం, ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వద్దంటారు. ముందుగా తీసి దాచిన తమ రక్తం కూడా చాలాకాలం ఎక్కించుకునేవారు కాదు, ఇప్పుడు అది కూడా విడిగా అడగాల్సిందే. కానీ ప్లాస్మా నుంచి వేరుచేసే ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్, గడ్డకట్టించే ఫ్యాక్టర్లలాంటి ప్రోటీన్ల దగ్గరికొచ్చేసరికి ఎవరి మనస్సాక్షి వాళ్లది. డయాలసిస్ కూడా అంతే. ఒకే సంఘంలో ఒకరు సరే అంటారు, పక్కవాళ్లు వద్దంటారు, కాబట్టి ప్రతి మనిషినీ విడిగా అడగాల్సిందే.

ఇది నాకు తెలియక కొత్తలో ఓసారి నర్సెస్ నోట్స్‌లో “రిఫ్యూజ్డ్ బ్లడ్ ప్రొడక్ట్స్” అని ఒక్క ముక్క రాసి ఇంటికెళ్లిపోయాను. రాత్రి డ్యూటీ వాళ్లు అది చూసి ఆల్బుమిన్ కూడా ఆపేశారు. పొద్దున రౌండ్స్‌లో అడిగితే పేషెంట్, “అది నేనెప్పుడు వద్దన్నాను?” అన్నారు. తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందుకే అటెండెంట్లని కాసేపు బయట కూర్చోమని, కర్టెన్ లాగి, స్టూల్ మీద కూర్చుని అడగండి. నిలబడి అడిగితే తొందరపెడుతున్నట్టు ఉంటుంది.

“అమ్మా, మీరు వద్దన్నది వద్దన్నట్టే రాస్తాను. కానీ ఒక్కొక్కటి పేరు పెట్టి అడుగుతాను, ఏది సరే, ఏది కాదో చెప్పండి.”

“ఐరన్ ఎక్కిస్తే పర్లేదమ్మా. రక్తం మాత్రం వద్దు.”

చూశారా, దారి దొరికింది. ఐరన్ ఇంజెక్షన్, ఎర్ర కణాలు పెరగడానికి ఇచ్చే ఎరిత్రోపొయిటిన్ (కొన్ని బ్రాండ్లలో ఆల్బుమిన్ కలుపుతారు, లేబుల్ చూసి ఆవిడకి ముందే చెప్పాలి), బ్లీడింగ్ తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్, వీటి గురించి డాక్టర్ ఆలోచిస్తారు. మన చేతిలో ఉన్నదీ ఒకటుంది: టెస్టులకి చిన్నపిల్లల ట్యూబులు వాడటం, రోజుకి మూడుసార్లు గుచ్చకుండా శాంపిల్స్ అన్నీ ఒకేసారి తీయడం. 6.4 ఉన్న మనిషికి ప్రతి మిల్లీలీటరూ లెక్కే.

రక్తం ఎక్కించకపోతే ప్రాణం మీదకి రావచ్చని చెప్పాల్సింది డాక్టర్. అది అర్థమైందో లేదో, ఆవిడ మాటల్లోనే తిరిగి చెప్పించుకోవడం మాత్రం మనమూ చేయొచ్చు. ఆ మాటల్నే టైముతో సహా నోట్స్‌లో దించండి. ఆవిడ ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చన్న సంగతీ చెప్పండి, చెప్పి ఊరుకోండి, గంటకోసారి అడిగితే అది వేధింపే.

ఇక వరండాలో భర్త మిమ్మల్ని ఆపుతాడు. ఆయనది ఆ మతం కాదు. “సిస్టర్, రాత్రి మత్తులో ఉన్నప్పుడు ఎక్కించేయండి, నేను సంతకం పెడతా.” ఆయన భయం నిజమే, కసురుకోకండి. కానీ ఆ సంతకం చెల్లదు. సమీరా కోహ్లీ కేసులో పేషెంట్ మత్తులో ఉండగా తల్లి దగ్గర అనుమతి తీసుకుని, ముందు అనుకోని ఆపరేషన్ చేశారు. అక్కడ ఎమర్జెన్సీ లేదు, మెలకువ వచ్చాక ఆవిణ్ణే అడగొచ్చు, కాబట్టి తల్లి అనుమతి కుదరదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. మన పేషెంటైతే మెలకువలోనే, స్పష్టంగా వద్దన్నారు.

అభ్యాసం: ఆ భర్తకి మీరిచ్చే జవాబు మూడు వాక్యాల్లో కాగితం మీద రాసి, పైకి చదవండి. “రూల్స్ ఒప్పుకోవు” అన్న మాట వాడొద్దు. వచ్చే పాఠంలో ఇదే కుటుంబంలో పేషెంట్ ఎనిమిదేళ్ల పాప అయితే ఏం చేయాలో చూద్దాం, అప్పుడు లెక్కంతా వేరు.