పాత ట్యాబ్‌లో రాత్రికి రాత్రే ఛార్జింగ్ దిగిపోతుంటే

తప్పు యాప్‌లదా, బ్యాటరీదా అన్నది ముందు తేల్చుకోవాలి. రాత్రి 100 శాతం ఎక్కించి ఏరోప్లేన్ మోడ్‌లో పెడితే పొద్దున 97 ఉంది. మామూలుగా వదిలేస్తే 70. అంటే బ్యాటరీ బానే ఉంది, నెట్ వాడుకునేదేదో తినేస్తోంది. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం చూస్తే దొరికింది: పాస్‌వర్డ్ మార్చాక వదిలేసిన పాత మెయిల్ ఖాతా. సింక్ కుదరక రాత్రంతా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంది. ఖాతా తీసేసి రీస్టార్ట్ చేస్తే మర్నాటికి 94.

ఏరోప్లేన్ మోడ్‌లోనూ దిగినా, 30 శాతం దగ్గర ఠక్కున ఆగిపోయినా బ్యాటరీ లోపలి సెల్‌నే అనుమానించాలి. పాతబడ్డ సెల్‌లో అంతర్నిరోధం (లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డు) పెరుగుతుంది; వీడియో పెట్టగానే వోల్టేజ్ పడిపోతుంది. అప్పుడు సెట్టింగ్స్ కెలకడం దండగ, బ్యాటరీ మార్చాల్సిందే. వెనక మూత ఉబ్బితే మాత్రం ఛార్జర్ పెట్టొద్దు. స్క్రూడ్రైవర్‌తో పెకలించబోతే సెల్‌కి గుచ్చుకుని మంటలు లేవొచ్చు.