ఖడక్‌వాస్లా దారిలో – 7వ పాఠం: ‘ఆలి’ లేని అరవై వాక్యాలు

ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో చేరడానికి సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్ఎస్‌బీ) పెట్టే పరీక్షల కోసమే ఈ పాఠాలు. ఈ వారం ఎస్ఆర్‌టీ, అంటే సిచ్యుయేషన్ రియాక్షన్ టెస్టు మొదలుపెడతానని మాట ఇచ్చాను. మాట తప్పడం లేదు గానీ, అది పాఠం చివర్లో కాస్త రుచి చూపించేంతే ఉంటుంది. కారణం మీరు పంపిన నోటుపుస్తకాలు. బోర్డులో తెర మీద 15 సెకన్లకొక మాట వస్తుంది, దానికి ఒక వాక్యం రాస్తారు. ఆ సాధనకే ఆరో పాఠంలో ఇచ్చిన 60 మాటలకు వాక్యాలు రాసి పంపమన్నాను. 27 పుస్తకాలు వచ్చాయి. మూడు రాత్రులు కూర్చుని చదివాను. “పిల్లలు బాగా రాశారా?” అని మా ఆవిడ అడిగింది. “బాగానే రాశారు, 27 మందీ స్వాములైపోయారు” అన్నాను.

ఒక పుస్తకంలో వరసగా ఉన్న ఐదు వాక్యాలు చూడండి. రాసిన అమ్మాయికి చెప్పే ఇక్కడ పెడుతున్నాను. చక్కటి చేతిరాత, కొట్టివేతలు లేవు, 60కి 60 పూర్తి.

ధైర్యం – ధైర్యమే మనిషికి ఆభరణం.
సమయం – సమయాన్ని వృథా చేయకూడదు.
అమ్మ – అమ్మ దైవంతో సమానం.
ఓటమి – ఓటమి గెలుపునకు తొలి మెట్టు.
స్నేహం – కష్టంలో ఆదుకునేవాడే స్నేహితుడు.

ఇందులో ఒక్క అబద్ధం లేదు. బడి గోడ మీద రాయించుకోవచ్చు. కానీ ఇవి రాసింది పదిహేడేళ్ల అమ్మాయో, పింఛను తీసుకుంటున్న తాతగారో, లారీ వెనక సూక్తులు రాసే పెయింటరో నాకు అంతుపట్టలేదు. అదే చిక్కు.

సగం తప్పు నాది. “ప్రతికూలంగా రాయకండి, మంచి వైపు నుంచి రాయండి” అన్నాను పోయినసారి. మీరు దాన్ని “మంచి మాటలు రాయండి” అని చదువుకున్నారు. అన్నవాడిని నేనే కాబట్టి సరిదిద్దే పని కూడా నాదే.

ముందు ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందో చూద్దాం. సైకాలజిస్టు మీతో మాట్లాడరు. ఐదో రోజు కాన్ఫరెన్స్ (అధికారులంతా కలిసి తేల్చే సమావేశం) వరకు ఆయనకు మీరు ఒక చెస్ట్ నంబరు, ఒక కట్ట కాగితాలు, అంతే. ఇంటర్వ్యూ అధికారి మీ మాట వింటారు. మైదానంలో జట్టు పరీక్షలు పెట్టే అధికారి, జీటీవో, మీ చేతులు చూస్తారు. మనసా, వాచా, కర్మణా అని ఎస్ఎస్‌బీ వాళ్లే చెబుతుంటారు. మన ఇళ్లల్లో దీనికి ఎప్పటినుంచో పేరుంది: త్రికరణశుద్ధి. ముగ్గురూ విడివిడిగా చూసిన మనిషి ఒక్కడేనా, ముగ్గురు వేర్వేరు మనుషులా అన్నది చివరి రోజు తేలుతుంది. సైకాలజిస్టు చేతికి 60 సూక్తులు ఇస్తే ఆయన వాటాకు మనిషే దొరకడు. దొరకని మనిషికి మార్కులు వేసేవాళ్లు ఎక్కడా ఉండరు.

ఎన్‌డీఏ రాత పరీక్షకు 900 మార్కులు – లెక్కలకు 300, జనరల్ ఎబిలిటీకి 600. ఎస్ఎస్‌బీకీ 900. లెక్కల కోచింగుకు రెండేళ్లు పెట్టి, మిగతా సగానికి పది రోజులు కేటాయించేవాళ్లను చూసి ఆశ్చర్యపోవడం మానేశాను.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికి. 27 పుస్తకాల్లోనూ నేను ఎర్ర సిరాతో చుట్టిన ముక్క ఒకటే: ‘ఆలి’. చేయాలి, ఉండాలి, కాపాడాలి, గౌరవించాలి, నేర్చుకోవాలి. దాని తోబుట్టువు ‘కూడదు’. వాళ్ల చుట్టం ‘అవసరం’. బోర్డులో మీరు రాసేది ఇంగ్లిషులోనో హిందీలోనో కదా, తెలుగు ‘ఆలి’తో గొడవేమిటి అంటారా? మీ తలలో వాక్యం పుట్టేది తెలుగులో. అక్కడ ‘ఆలి’తో పుట్టినది ఇంగ్లిషులోకి వెళ్లి షుడ్ అవుతుంది, మస్ట్ అవుతుంది. చెట్టు ఇక్కడుంటే ఆకులు అక్కడ గిల్లి లాభం లేదు.

మనకు ఈ అలవాటు ఊరికే రాలేదు. ఒకటో తరగతి నుంచి నీతిపద్యాలు అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లం. ఎవరైనా ఒక మాట అనగానే దాని మీద ఒక నీతి చెప్పడం మర్యాద అనుకుంటాం. 15 సెకన్లలో తెర మీద మాట చదివి, ఆలోచించి, వాక్యం రాయాలంటే చేతికి మొదట తగిలేది ఆ నీతే. అంటే అది మీ ఆలోచన కాదు, అందరి నోళ్లలో నానినది. ‘ఆలి’తో ముగిసే వాక్యంలో ఎవరూ ఏ పనీ చేయరు. “చెట్లు నాటాలి” అన్నప్పుడు ఒక్క మొక్కా నాటుకోదు. “మా వీధిలో నాటిన పదకొండు వేప మొక్కల్లో ఎనిమిది బతికాయి” అంటే ఎవరో గుంత తవ్వారు, నీళ్లు పోశారు, మూడు చచ్చిపోయాయని ఒప్పుకున్నారు, లెక్క కూడా పెట్టుకున్నారు. ఆఫీసరు లక్షణాలని వాళ్లు చూసే పదిహేనింటిలో నాలుగైదు ఆ ఒక్క మొక్కల వాక్యంలో కనిపిస్తాయి.

మీ పుస్తకాల్లోంచే మరికొన్ని తీసుకుందాం.

‘రక్తం’ అనే మాటకు 19 మంది “రక్తదానం మహాదానం” అనే రాశారు. ఆ మాట కాపీ కొట్టింది ఒకరి నుంచి ఒకరు కాదు, ఆసుపత్రి గోడ నుంచి. కర్నూలు అబ్బాయి ఒకడు మాత్రం “మా అన్న మూడు నెలలకోసారి రక్తం ఇస్తాడు” అని రాశాడు. ఆ పక్కన నేను టిక్కు పెట్టాను. మొత్తం మీద నేను పెట్టిన తొమ్మిది టిక్కుల్లో అదొకటి.

‘అప్పు’కు అందరూ “అప్పు చేయకూడదు” అన్నారు. రైతు ఇంట్లో పుట్టి ఆ మాట ఎలా రాశారో నాకు అర్థం కాలేదు. “ట్రాక్టరు అప్పు రెండు పంటల్లో తీరింది” అంటే సరిపోయేది.

ఇంకొన్ని మాటలకు ఇలా రాయొచ్చు. ‘ఓటమి’: సెమీఫైనల్లో ఓడిన జట్టు మర్నాటి నుంచి గంట ముందే మైదానానికి వచ్చింది.

‘పాము’: టార్చి వెలుగులో పాము కనిపించి రైతు ఆగాడు. (పాములను రక్షించాలి అని రాసినవాళ్లు ఆరుగురు. జీవకారుణ్యం మంచిదే. ఇక్కడ అడిగింది అది కాదు.)

‘గొడవ’: నీళ్ల వంతు గొడవ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడితే తేలింది.

‘చీకటి’: కరెంటు పోగానే చెల్లి కొవ్వొత్తి వెలిగించి చదువు కొనసాగించింది.

‘ఆలి’ మానేయమంటే కొందరు ఇంకో గోతిలో పడతారని తెలుసు: ప్రతి వాక్యం “నేను”తో మొదలుపెట్టడం. నేను ధైర్యవంతుణ్ని, నేను సమయం పాటిస్తాను, నేను నాయకుణ్ని. అదీ గోడ మీద రాతే, కాకపోతే సొంత గోడ మీదిది. అన్న, చెల్లి, రైతు, జట్టు, ఎవరినైనా రానివ్వండి. పని జరుగుతూ ఉంటే చాలు.

ఒక మాటకు వాక్యం తోచకపోతే ఖాళీ వదిలి తర్వాతి మాటకు వెళ్లండి. వెనక్కి తిరిగి రాయబోయేవాళ్లు రెండు మాటలు పోగొట్టుకుంటారు.

తెలుగులో సాధన చేస్తే ఇంగ్లిషు వేగం దెబ్బ తింటుందని ఇద్దరు ఉత్తరాల్లో వాదించారు. నా పద్ధతి నాది: మొదటి రెండు వారాలు తెలుగులోనే. వాక్యంలో మనిషి వచ్చాక భాష మార్చడం వారం పని. ఇంగ్లిషుతో మొదలుపెట్టినవాళ్లు వ్యాకరణం చూసుకుంటూ మనిషిని మరిచిపోవడం చాలాసార్లు చూశాను. ఇంకో మాట, జెల్ పెన్ను వద్దు. చెమట చేయి తగిలితే అలుక్కుపోతుంది. మామూలు బాల్‌పెన్నులు, అదీ సగం వాడినవి, మూడు పెట్టుకోండి. కొత్త పెన్ను మొదటి పేజీలో మొరాయిస్తుంది.

ఈ జబ్బు గురించి ఇంత సేపు మాట్లాడటానికి ఇంకో కారణం ఉంది. నేనూ దాంతోనే తిరిగి వచ్చాను. మొదటిసారి బోర్డుకు వెళ్లినప్పుడు నా 60 వాక్యాల్లో 50 నీతులే. ఆ ముందు సొంత వివరాలు నింపే పీఐక్యూ ఫారంలో హాబీ అన్నచోట తోటపని అని నింపాను, బాగుంటుందని. ఇంటర్వ్యూ అధికారి నవ్వుతూ అడిగారు: “ఇప్పుడు మీ తోటలో ఏం కాస్తోంది?” మా పెరట్లో ఉన్నది ఒక కరివేపాకు చెట్టు, అది కూడా నాయనమ్మ పెంచింది. చివరి రోజు కాన్ఫరెన్స్ అయ్యాక అందరినీ కూర్చోబెట్టి ఒక అధికారి ఎంపికైనవాళ్ల నంబర్లు చదివారు. నాది 17. ఆయన 9 అన్నారు, 16 అన్నారు, 21 అన్నారు. మిగిలినవాళ్లం పెట్టెలు సర్దుకుని స్టేషనుకు వెళ్లే బస్సెక్కాం. ఎందుకు కాదన్నారో బోర్డు చెప్పదు. నా కాగితాల్లో, నా నోటిలో, నా పెరట్లో ముగ్గురు వేర్వేరు మనుషులున్నారని తెలుసుకోవడానికి నాకు ఇంకో ప్రయత్నం కూడా పట్టింది. మూడోసారి గట్టెక్కాను.

అమ్మాయిలకు పరీక్షలు వేరుగా ఉంటాయా అని విజయనగరం నుంచి ఒకరు అడిగారు. ఈ 60 మాటలు, ఈ 15 సెకన్లు అందరికీ ఒకటే. శారీరక ప్రమాణాల సంగతి వైద్య పరీక్షల పాఠంలో చూద్దాం. ఖడక్‌వాస్లాలో మొదటి మహిళా క్యాడెట్లు 2022లో చేరారు. వాళ్లలో 17 మంది 2025 మే 30న పాసింగ్ అవుట్ పరేడ్‌లో నడిచారు.

ఇక ఎస్ఆర్‌టీ. 60 సందర్భాలు, 30 నిమిషాలు. లెక్క మీరే చేసుకోండి. సందర్భం “అతను...” అని ఆగిపోతుంది, అక్కడి నుంచి మీరు పూర్తి చేస్తారు. రుచికి ఒకటి:

ఎస్ఎస్‌బీకి రైల్లో వెళ్తున్నాడు. తెల్లారి లేచి చూస్తే సర్టిఫికెట్ల సంచి లేదు. అతను...

ఇప్పటి అలవాటుతో మీరేం రాస్తారో నాకు తెలుసు: “పోలీసులకు ఫిర్యాదు చేసి, ధైర్యంగా ముందుకు సాగాడు.” మనకు ఏ కష్టమొచ్చినా పోలీసులు, లేదంటే 108. పాము కరిచినా, ఇల్లు కాలినా, స్నేహితుడు అలిగినా ఫోనే. ఫోన్ చేయడం తప్పు కాదు. ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా అతను ఏం చేశాడన్నదే ప్రశ్న. ఇలా రాయండి: “బోగీలో సీట్ల కింద, తలుపుల దగ్గర వెతికాడు, టీటీఈ దగ్గర ఫారం తీసుకుని ఫిర్యాదు రాసిచ్చాడు, ఇంటి నుంచి సర్టిఫికెట్ల ఫొటోలు తెప్పించాడు, వేళకు చేరి జరిగింది చెప్పాడు.” నాలుగు పనులు, వరసలో. నడుస్తున్న రైల్లో ఫిర్యాదు ఫారాలు టీటీఈ దగ్గర ఉంటాయని మీలో ఎందరికి తెలుసు? ఇలాంటివి తెలిసి ఉండటం కూడా తయారీలో భాగమే.

సైకిల్ పంక్చరు, పరీక్షకు ఇంకా 20 నిమిషాలు – ఈ రకం ప్రశ్న చూసి నవ్వుకుంటారు. ఖడక్‌వాస్లాలో క్యాడెట్లు తరగతులకు బారులు తీరి సైకిళ్ల మీదే వెళ్తారు. మూడేళ్లు, ఆరు టర్ములు. డ్రిల్లు బట్టలు విప్పి తరగతి బట్టలు తొడుక్కోవడానికి దొరికేది నిమిషాలే. అక్కడ పంక్చరు పడితే “సమయపాలన ముఖ్యం” అని ఎవరికి చెప్పుకుంటారు?

సాధన. ఈసారి కష్టంగానే ఉంటుంది, ముందే చెబుతున్నాను. బోర్డులో ఈ 60 మాటలు వచ్చేది 12 బొమ్మలకు కథలు రాసి చేయి లాగుతున్నప్పుడు. కాబట్టి ముందు 45 నిమిషాలు ఆపకుండా ఏదైనా రాయండి. పాఠ్యపుస్తకం చూసి ఎక్కించినా ఫరవాలేదు. వెంటనే, నీళ్లు తాగకుండా, 60 మాటలు. మాటలు ఆ రోజు దినపత్రికలోంచి ఇంట్లో ఎవరైనా ఏరి, 15 సెకన్లకొకటి చదివి వినిపించాలి. (అవును, ‘ఆలి’. పాఠం చెప్పేవాడికి మినహాయింపు.) మీరు ఏరుకుంటే లాభం లేదు, చేతికి అనువైనవే దొరుకుతాయి. నాయనమ్మలు ఈ పనికి బాగా పనికొస్తారు. “అయిపోయిందా, ఇంకా కాలేదా” అని మధ్యలో వాళ్లు పెట్టే తొందర ఏ గడియారమూ పెట్టలేదు. వరసగా ఏడు రోజులు. రాసిందాంట్లో ప్రతి ‘ఆలి’కి, ‘కూడదు’కు, ‘అవసరం’కు ఎర్ర సున్నా చుట్టి, ఏ రోజు ఎన్నో పేజీ పైన రాయండి. మొదటి రోజు 40 వస్తే కంగారు పడకండి. ఏడో రోజు కూడా 40 వస్తే నాకు రాయండి.

ఎస్ఆర్‌టీ కోసం ఒక చిన్న పని: పోయిన నెలలో మీ ఇంట్లో, కాలేజీలో నిజంగా వచ్చిన ఇబ్బందులు 20 రాసి, ప్రతిదానికీ ఎదురుగా మీరు అప్పుడు ఏం చేశారో ఒక్క వరసలో పెట్టండి. చేయగలిగింది కాదు, చేసింది. ఏమీ చేయకపోతే ‘ఏమీ చేయలేదు’ అనే రాయండి.